మాటలో తెగి పాటలో పలికిన గొంతు: అడక్టర్ స్పాస్మోడిక్ డిస్ఫోనియా కేసు ఒకటి

మాట్లాడేటప్పుడు స్వరపేటిక కండరాలు తమంతట తాము పట్టేసి గొంతు తెగిపోయే జబ్బును స్పాస్మోడిక్ డిస్ఫోనియా అంటారు. దాన్ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు. మామూలుగా తీయించే స్కానింగులో అది కనిపించదు. రోగి చేత ఏ మాటలు పలికించాము, ఆ మాటల్లో గొంతు ఎక్కడ తెగింది, ఎక్కడ తెగలేదు అని వినడమే ఇప్పటికీ దీనికి అసలైన పరీక్ష. కాబట్టి పలికించే మాటలను రోగి రోజూ మాట్లాడే భాషలోంచే, ఆ భాష ధ్వనుల తీరును తెలుసుకుని ఎంచుకోవాలి. తెలుగులో ఆ ఎంపిక ఎలా చేశామో, దాని మీద ఆధారపడి తరువాతి నిర్ణయాలు ఎలా తీసుకున్నామో నమోదు చేయడానికి ఈ కేసును రాస్తున్నాను. రోగి అనుమతి ఉంది. ఊరు, పనిచేసే సంస్థ, కుటుంబం వివరాలు తీసివేశాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. నేను స్పీచ్ థెరపిస్టును. ఎండోస్కోపీ, ఇంజక్షన్లు మా విభాగంలోని ఈఎన్‌టీ సర్జన్ చేశారు.

నేపథ్యం

నలభై దాటిన మహిళ, ఒక సహకార సంఘం కార్యాలయంలో ఉద్యోగిని. రుణం తీసుకున్న సభ్యులకు ఫోను చేసి వాయిదాలు గుర్తు చేయడం ఆమె పనిలో ముఖ్యభాగం. పొగాకు అలవాటు లేదు, థైరాయిడ్ ఆపరేషన్ జరగలేదు, మెడకు గాని తలకు గాని దెబ్బలు తగలలేదు. ఇంట్లో ఎవరికీ వణుకుడు జబ్బు లేదు. శనివారాలు గుడిలో భజన బృందంతో కలిసి పాడుతారు. ఈ చివరి సంగతిని ఆమె తనంతట తాను చెప్పలేదు, మేము అడిగితే చెప్పారు.

సమస్య

రెండేళ్ల కిందట జలుబు, దగ్గు వచ్చి తగ్గిన తరువాత గొంతు బిగిసినట్టు ఉండిపోయింది. మొదట అప్పుడప్పుడు ఒక్కో మాట మధ్యలో తెగేది. నెలలు గడిచేకొద్దీ ప్రతి వాక్యంలోనూ తెగడం మొదలైంది. ఫోనులో మాట్లాడేటప్పుడు మరీ ఎక్కువ. "అవతలివాళ్లు నా గొంతు విని, ఏడుస్తున్నావా అమ్మా అని అడుగుతున్నారండీ. నేను వాళ్లను అప్పు అడగడానికి చేస్తే, వాళ్లు నన్ను ఓదారుస్తున్నారు," అని మొదటి రోజే చెప్పారు. వాయిస్ హ్యాండికాప్ ఇండెక్స్ పది ప్రశ్నల పత్రంలో ఆమె స్కోరు 40కి 29 వచ్చింది (స్కోరు పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువని అర్థం).

మా దగ్గరికి వచ్చేలోపు ఆమె చూసిన చికిత్సలు చాలా ఉన్నాయి. ఇంట్లో కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, మిరియాల కషాయంతో మొదలైంది. తరువాత ఒకచోట కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నుతోందని చెప్పి నెలల తరబడి మాత్రలు వాడించారు. మరొకచోట గొంతుకు పూర్తి విశ్రాంతి ఇమ్మన్నారు. మాట్లాడకుండా ఉన్నన్ని రోజులూ బాగానే అనిపించి, మాట్లాడిన రోజే మళ్లీ మొదటికి వచ్చింది. ఎండోస్కోపీ రెండుసార్లు చేశారు. రెండు రిపోర్టుల్లోనూ స్వరతంత్రులు మామూలుగా కదులుతున్నాయనీ, వెనకభాగంలో కొంచెం ఎర్రదనం ఉందనీ రాసి ఉంది. చివరికి ఇది మనసుకు సంబంధించినదని చెప్పి ఆందోళన తగ్గించే మాత్రలు ఇచ్చారు. వాటితో నిద్ర మెరుగుపడింది గాని గొంతు మారలేదు.

ఈ జాప్యం ఆమె ఒక్కరికే జరిగినది కాదు. అమెరికాలో 2015లో ప్రచురితమైన ఒక పరిశీలనలో స్పాస్మోడిక్ డిస్ఫోనియా ఉన్నవారికి సరైన నిర్ధారణ అందడానికి సగటున నాలుగేళ్లకు పైగా పట్టిందనీ, ఆలోపు దాదాపు నలుగురు వైద్యులను చూశారనీ తేలింది. పైగా ఆమెకు జరిగిన ప్రతి చికిత్సకూ ఆ సమయానికి తగిన కారణం ఉంది. గొంతు బొంగురుకు ఆమ్లం ఎగదన్నడం తరచుగా కనిపించే కారణమే. ఆందోళన కూడా ఆమెలో నిజంగానే ఉంది. అయితే ఆందోళనే కారణమనడానికి ఆధారమేమిటన్న ప్రశ్నను ఎవరో ఒకరు వేయవలసి ఉంది.

ఏ ప్రశ్నలతో మొదలుపెట్టాము

మా ముందు నాలుగు అవకాశాలు కనిపించాయి. ఒకటి, గొంతు కండరాలను బిగబట్టి మాట్లాడే అలవాటు వల్ల వచ్చే మజిల్ టెన్షన్ డిస్ఫోనియా. రెండు, స్పాస్మోడిక్ డిస్ఫోనియా, అంటే మెదడులోని చలన నియంత్రణ వ్యవస్థలో లోపం వల్ల, మాట్లాడేటప్పుడు మాత్రమే స్వరపేటిక కండరాలు తమంతట తాము పట్టేసే ఫోకల్ డిస్టోనియా (ఒక్క శరీరభాగానికే పరిమితమైన కండరాల పట్టివేత). మూడు, స్వరంలో లయబద్ధంగా వచ్చే వణుకు. నాలుగు, మందుల వల్ల వచ్చిన కదలికల లోపం.

నాలుగోదాన్ని ముందుగా తేల్చుకున్నాము. ఆమె తెచ్చిన పాత చీటీల్లో ఆమ్లం తగ్గించే మందుతో కలిపి లెవోసల్పిరైడ్ ఉంది. ఇది మన దగ్గర గ్యాస్ సమస్యకు విరివిగా రాసే మందు. మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుంటుంది కాబట్టి కొందరిలో కండరాల బిగుతు, వణుకు, డిస్టోనియా తెస్తుంది. చీటీల తేదీలు వరుసగా పేర్చి చూస్తే గొంతు తెగడం మొదలైన చాలా నెలల తరువాతే ఆ మాత్ర మొదలైంది, ఆపి కూడా చాలాకాలమైంది. న్యూరాలజిస్టు పరీక్షలో చేతుల్లో గాని, మెడలో గాని, కనురెప్పల్లో గాని అసహజ కదలికలేవీ కనిపించలేదు. దాంతో మందును కారణాల జాబితా నుంచి తీసేశాము.

మిగిలిన మూడింటినీ విడదీయాలంటే గొంతును వేర్వేరు పనుల్లో వినాలి. స్పాస్మోడిక్ డిస్ఫోనియా ఏ పని చేస్తున్నామన్న దాన్నిబట్టి మారుతుంది. అదే స్వరతంత్రులు, అదే కండరాలు గుసగుసలో, నవ్వులో, దగ్గులో, చాలామందిలో పాటలో కూడా మామూలుగా పనిచేస్తాయి. అలవాటుగా బిగబట్టే గొంతులో ఇంత స్పష్టమైన తేడా కనిపించదు, బిగుతు దాదాపు అన్ని పనుల్లోనూ ఒకే తీరుగా ఉంటుంది. అందుకే ఆమెను పాడతారా అని అడిగాము. భజనలో పాడే ఒక కీర్తనను గదిలోనే పాడించి రికార్డు చేశాము. ఒక్క చోట కూడా తెగలేదు. పాట అయిన వెంటనే, ఆ కీర్తనలోని చరణాన్నే మాటగా చెప్పమంటే మూడో పదానికే గొంతు పట్టేసింది.

ఈ తేడానే ఇంట్లో ఆమెకు వ్యతిరేకంగా పనిచేసింది. "పాడటానికి వచ్చే గొంతు మాట్లాడటానికి ఎందుకు రాదు" అన్న మాట ఆమె ఎన్నోసార్లు పడ్డారు. నటన అనడానికి ఆధారంగా చూపిన విషయమే రోగనిర్ధారణకు బలమైన ఆధారం కావడం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. వైద్యం కూడా దాదాపు వందేళ్లు ఈ దారిలోనే నడిచింది. జర్మనీ వైద్యుడు లుడ్విగ్ ట్రౌబే 1871లో దీన్ని 'నెర్వస్' బొంగురులో కండరాలు పట్టేసే రకంగా వర్ణించాడు. ఆ తరువాత చాలాకాలం దీన్ని మానసిక సమస్యగానే చూశారు. 1960ల చివర్లో ఆర్నాల్డ్ ఆరన్‌సన్ బృందం రోగుల మానసిక పరీక్షల ఫలితాలను పరిశీలించి ఆ నమ్మకాన్ని ప్రశ్నించిన తరువాతే నరాల సంబంధమైన వివరణకు చోటు దొరికింది. ఒత్తిడిలో లక్షణం పెరగడం నిజమే. కాని ఒత్తిడిలో అన్ని రకాల డిస్టోనియాలూ పెరుగుతాయి కాబట్టి, ఆ ఒక్క గమనికతో కారణాన్ని నిర్ణయించలేము.

తెలుగులో పరీక్ష వాక్యాలు

స్పాస్మోడిక్ డిస్ఫోనియాలో ప్రధానంగా రెండు రకాలు. అడక్టర్ రకంలో స్వరతంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా ఒత్తుకుని స్వరం నొక్కేసినట్టు తెగుతుంది. రోగుల్లో అత్యధికులకు ఉండేది ఇదే. అబ్డక్టర్ రకంలో అవి తెరుచుకుపోయి గాలి జారి స్వరం పోతుంది. అడక్టర్ రకం నాదంతో, అంటే స్వరతంత్రులు కంపిస్తుండగా, పలికే ధ్వనులు వరుసగా వచ్చినప్పుడు, ముఖ్యంగా అచ్చుతో మొదలయ్యే పదాల దగ్గర బయటపడుతుంది. అబ్డక్టర్ రకం నాదంలేని హల్లుల తరువాత అచ్చు పలకవలసినచోట బయటపడుతుంది. బిగబట్టే అలవాటు వల్ల వచ్చిన సమస్య ఈ రెండింటి మధ్య పెద్ద తేడా చూపదు. కాబట్టి రెండు రకాల వాక్యాలను పక్కపక్కన పెట్టి పోల్చడమే పరీక్షలోని కీలకం.

ఇంగ్లీషులో దీనికి అంకెలు వాడటం ఆనవాయితీ. ఎనభై నుంచి ఎనభై తొమ్మిది దాకా లెక్కపెట్టిస్తారు, ఎందుకంటే ఆ భాషలో ఆ అంకెలన్నీ అచ్చుతో మొదలవుతాయి. అరవై నుంచి అరవై తొమ్మిది దాకా కూడా లెక్కపెట్టిస్తారు, ఎందుకంటే 'సిక్స్‌టీ'లో నాదంలేని హల్లులు కిక్కిరిసి ఉంటాయి. ఇదే పరీక్షను తెలుగులో యథాతథంగా చేయిస్తే పోలికే మాయమవుతుంది. మన 'ఎనభై', మన 'అరవై' రెండూ అచ్చుతోనే మొదలవుతాయి, రెండింటిలోనూ నాదంలేని హల్లు ఒక్కటి కూడా లేదు. అంటే రెండూ అడక్టర్ పరీక్షలే అవుతాయి. ఈమె రెండింటిలోనూ ఒకేలా తెగారు. ఇంగ్లీషు అంచనాతో చూసినవారు 'తేడా లేదు, అలవాటు సమస్యే' అని రాసే ప్రమాదం ఇక్కడ ఉంది.

బడిలో నేర్చుకున్న పరుషాలు, సరళాలు ఇక్కడ నేరుగా పనికొచ్చాయి. క, చ, ట, త, ప అనే పరుషాలకు నాదం లేదు. గ, జ, డ, ద, బ అనే సరళాలకు నాదం ఉంది. అచ్చులు, అనునాసికాలు, య ర ల వ ళ లు నాదంతోనే పలుకుతాయి. పైగా తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, నాదం ఒక్క క్షణం కూడా ఆగనవసరంలేని వాక్యాన్ని కట్టడం మన భాషలో తేలిక. 'అమ్మ ఇవాళ ఏలూరు వెళ్లింది', 'మామయ్య ఊరి నుండి ఇవాళ వెళ్లాడు' అన్నవి మా మొదటి జాబితాలోని వాక్యాలు. వీటిలో నాదంలేని ధ్వని ఒక్కటీ లేదు. రెండో జాబితాలో 'తాత పాప కోసం తోటకూర కోశాడు', 'పిచ్చుక చెట్టుకొచ్చి కూత పెట్టింది' వంటివి పెట్టాము. రాసేటప్పుడు పరుషంగా కనిపించినది మాటలో సరళమైపోయే సందర్భాలు తెలుగులో ఉన్నాయి కాబట్టి, వాక్యాన్ని కాగితం మీద చూసి తృప్తిపడకుండా ఇద్దరు ముగ్గురి చేత పలికించి విన్న తరువాతే జాబితాలో చేర్చాము. ఎవరికీ వింతగా అనిపించని మాటలే ఉండాలన్నది మరో నియమం. రోగి చదవడానికి తడబడితే ఆ తడబాటును గొంతు తెగడంగా లెక్కపెట్టే అవకాశం ఉంది.

ఫలితం స్పష్టంగా వచ్చింది. 'అమ్మ ఇవాళ ఏలూరు వెళ్లింది' అన్న వాక్యంలో ఏ తొలి అచ్చూ తెగకుండా దాటలేదు, 'ఏలూరు' నడిమి దీర్ఘంలో కూడా స్వరం ఆగి మళ్లీ అందుకుంది. తోటకూర వాక్యం దాదాపు సాఫీగా వచ్చింది. రికార్డింగును ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, మొదటి జాబితా వాక్యాల్లో అచ్చుల నడుమ నాదం లేని ఖాళీలు కంటికి కనిపించాయి. అవే వాక్యాలను గుసగుసగా చెప్పించినప్పుడు ఎక్కడా ఆగలేదు. 'ఆ' అని సాగదీసి పలికించినప్పుడు మాటలో ఉన్నంత తీవ్రత లేదు, లయబద్ధమైన వణుకూ వినిపించలేదు. మూడో అవకాశం అక్కడితో పోయింది.

నిర్ధారణను ఎంతవరకు నమ్మవచ్చు

ఇంత స్పష్టంగా విన్నా వెంటనే ఇంజక్షన్‌కు వెళ్లలేదు. 2008లో క్రిస్టీ లడ్లో తదితర పరిశోధకులు ప్రతిపాదించిన మూడంచెల పద్ధతిని మేము అనుసరిస్తాము. రోగి చెప్పే లక్షణాలను బట్టి స్పాస్మోడిక్ డిస్ఫోనియా ఉండవచ్చునని అనుమానించడం మొదటి మెట్టు. మాటల పరీక్షతో బహుశా ఉందని చెప్పగలగడం రెండోది. ముక్కు ద్వారా పంపే మెత్తని ఎండోస్కోపుతో చూసి ఖాయపరచడం మూడోది. నిపుణులు విడివిడిగా విన్నప్పుడు ఏకాభిప్రాయం తక్కువగా ఉంటుందనీ, ఏ లక్షణాలను చూడాలో ముందే కుదుర్చుకున్నప్పుడు అది మెరుగుపడుతుందనీ తరువాతి పరిశోధన కూడా చూపింది. అందుకే ఆమె రికార్డింగును, పాత రోగనిర్ధారణ ఏదీ చెప్పకుండా, మరో థెరపిస్టుకు వినిపించి విడిగా అభిప్రాయం తీసుకున్నాము.

పాత ఎండోస్కోపీలు ఎందుకు ఏమీ చూపలేదన్న ప్రశ్నకు జవాబు పరికరంలోనే ఉంది. అవి రెండూ నోటి ద్వారా పెట్టే గట్టి గొట్టంతో, నాలుకను బయటికి పట్టుకుని చేసినవి. ఆ స్థితిలో మనిషి 'ఈ' అని సాగదీయగలరే తప్ప వాక్యం మాట్లాడలేరు. వాక్యంలోనే పుట్టే సమస్య వాక్యం లేనిచోట కనిపించదు. మెత్తని ఎండోస్కోపు పెట్టి ఏలూరు వాక్యాన్నే చెప్పించినప్పుడు, అచ్చుల దగ్గర స్వరతంత్రులు ఉన్నట్టుండి బిగుసుకుని మూసుకుపోవడం తెరమీద అందరమూ చూశాము. పక్కనే కూర్చున్న ఆమె భర్త కూడా చూశారు. ఆ తరువాత ఆయన నటన అన్న మాట మళ్లీ అనలేదు.

నిర్ధారణలో ఒక భాగంగా కొన్ని వారాల స్వర చికిత్స కూడా ఇచ్చాము. అలవాటు వల్ల వచ్చిన బిగుతు అయితే స్వరపేటిక చుట్టూ చేత్తో చేసే మర్దనకు, ఊపిరిని సరిచేసే అభ్యాసాలకు చాలావరకు లొంగుతుంది, ఒక్కోసారి మొదటి విడతలోనే. ఈమెలో మెడ నొప్పి తగ్గింది, మాట్లాడాక వచ్చే అలసట తగ్గింది, అచ్చుల దగ్గర తెగడం మాత్రం తగ్గలేదు. అసలు డిస్టోనియాతో పోరాడుతూ ఆమె తెచ్చుకున్న అదనపు బిగుతు పైపొరగా ఉండి, అది తొలగిందని మేము అర్థం చేసుకున్నాము. స్వరపేటిక నరానికి లిడోకైన్ అనే మొద్దుబార్చే మందు ఇచ్చి తాత్కాలికంగా స్తంభింపజేసి చూసే పరీక్షను కూడా పరిశీలించాము. మాట పరీక్ష, ఎండోస్కోపీ, చికిత్స ఫలితం మూడూ ఒకేవైపు చూపుతున్నప్పుడు అది కొత్తగా చెప్పేదేమీ లేదని విరమించుకున్నాము.

చికిత్స: ఏది కుదరలేదు, ఏది కుదిరింది

శస్త్రచికిత్సను మొదట ఎంచుకోకపోవడానికి చరిత్రలో కారణం ఉంది. 1976లో హెర్బర్ట్ డీడో ఒకవైపు స్వరపేటిక నరాన్ని కత్తిరించి మంచి ఫలితాలు ప్రకటించాడు. మూడేళ్లు గడిచేసరికి సగానికి పైగా రోగుల్లో లక్షణాలు తిరిగి వచ్చాయని ఆరన్‌సన్, డిశాంటో 1983లో చూపారు. ఆ తరువాత వచ్చిన పద్ధతుల్లో నరం కొమ్మను కోసి మరో నరంతో కలపడం ఒకటి, ఇస్షికి పద్ధతిలో థైరాయిడ్ మృదులాస్థిని మధ్యకు చీల్చి ఎడంగా నిలపడం మరొకటి. వీటికి అనుభవమున్న చేయి కావాలి, చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. 1984లో ఆండ్రూ బ్లిట్జర్ మొదటిసారి స్వరపేటికలో వాడిన బొటులినమ్ టాక్సిన్ దీనికి భిన్నం. అది కండరానికి నరం పంపే సంకేతాన్ని అడ్డుకుంటుంది, దాని ప్రభావం మూడు నాలుగు నెలల్లో పోతుంది. కుదరకపోతే వేచి ఉంటే చాలు. మొదటి చికిత్సకు ఈ గుణమే మాకు ముఖ్యమనిపించింది. ఇది మెదడులోని లోపాన్ని సరిచేయదనీ, జీవితాంతం మళ్లీ మళ్లీ తీసుకోవలసి రావచ్చుననీ ఆమెకు ముందే చెప్పాము.

మొదటిసారి సర్జన్ రెండు వైపుల థైరోఅరిటెనాయిడ్ కండరాల్లోకి (స్వరతంత్రుల్లోనే ఉండే కండరాలు) 1.25 యూనిట్ల చొప్పున, మెడ ముందు నుంచి, ఈఎంజీ సంకేతాన్ని, అంటే కండరంలోని విద్యుత్ చలనాన్ని, వింటూ ఇచ్చారు. సూది సరైన కండరంలో ఉందో లేదో 'ఈ' అనిపించి నిర్ధారించుకున్నారు. రెండు మూడు రోజుల్లో బిగుతు పోయింది. దానితోపాటు స్వరంలో బలం కూడా పోయింది. సుమారు మూడు వారాలు గాలి మాటే మిగిలింది, నీళ్లు తాగితే పొలమారింది. ఆ తరువాత రెండు నెలలు చాలా బాగా గడిచాయి. అయితే ఫోను మీద నడిచే ఉద్యోగంలో మూడు వారాల మౌనం అంటే సెలవే. లక్షణం తగ్గిందన్న లెక్కలో ఇది విజయం. ఆమె జీవితం లెక్కలో కుదరలేదు.

రెండోసారికి రెండు దారులు కనిపించాయి: రెండువైపులా మోతాదు తగ్గించడం, లేదా ఒకవైపే ఇవ్వడం. ఒకవైపే ఇస్తే రెండో తంత్రి పూర్తి బలంతో ఉంటుంది కాబట్టి మింగేటప్పుడు రక్షణ ఉంటుంది, గాలి మాట తక్కువ రోజులుంటుంది. అందుకు ప్రతిగా మంచి కాలం కొంత కుదించుకుపోవచ్చు. ఏది వదులుకోగలరో ఆమెనే అడిగాము. తరచుగా రావడానికి సిద్ధమేననీ, మాట లేకుండా వారాలు గడపలేననీ అన్నారు. ఒకవైపే 1.5 యూనిట్లు ఇచ్చాము. గాలి మాట కొద్దిరోజుల్లోనే సర్దుకుంది, మంచి స్వరం మూడు నెలలకు కొంచెం తక్కువగా నిలిచింది. అప్పటినుంచి అదే పద్ధతి కొనసాగుతోంది. సహకార సంఘంలో మార్చి నెలాఖరుకు వసూళ్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి, మంచి కాలం మార్చిలో పడేటట్టు ఇంజక్షన్ తేదీని వెనక్కి లెక్కవేసి ఇస్తున్నాము.

ఇంజక్షన్ తరువాతి రోజుల్లో నీళ్లు చెంబెత్తి పోసుకుని తాగే అలవాటు మానుకోమన్నాము. తల వెనక్కి వాల్చినప్పుడు నీరు శ్వాసనాళంలోకి జారే అవకాశం ఎక్కువ. గ్లాసు పెదవికి ఆనించి, గడ్డం కొంచెం దించి, గుక్క గుక్కగా తాగమన్నాము. ఈ ఒక్క మార్పుతో పొలమారడం దాదాపు ఆగిపోయింది.

ఇంజక్షన్ పనిచేస్తున్న కాలంలో స్వర చికిత్సను మళ్లీ మొదలుపెట్టాము. ఇంజక్షన్‌కు అభ్యాసం తోడైతే ఫలితం ఎక్కువకాలం నిలుస్తుందని మర్రీ, వుడ్సన్ 1995లో చూపారు. మొదట విఫలమైన అభ్యాసాలే ఈసారి పనికొచ్చాయి. కండరం తిరగబడనప్పుడు, ఊపిరిని ధారాళంగా వదులుతూ అచ్చును మెత్తగా అందుకోవడం ఆమెకు సాధ్యమైంది. ఆమె స్కోరు ఇప్పుడు మంచి నెలల్లో 40కి 12 దాకా వస్తోంది.

ఈ కేసు తరువాత మా విభాగంలో మారినవి

మాట తెగుతోందని వచ్చినవారిని ఇప్పుడు మొదట గుసగుస, నవ్వు, పాట, కేక, ఫోను గురించి విడివిడిగా అడుగుతున్నాము. ఇంట్లో మామూలుగా మాట్లాడుతుండగా ఒక నిమిషం ఫోనులో రికార్డు చేసి తెమ్మంటున్నాము, ఎందుకంటే డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు కొందరి గొంతు కాసేపు సర్దుకుంటుంది. ఎండోస్కోపీకి పంపేటప్పుడు ముక్కు ద్వారా మెత్తని గొట్టంతో చేయాలనీ, ఏ వాక్యాలు చెప్పించాలో కూడా చీటీలోనే రాస్తున్నాము. ఆందోళన ఉంటే దానికి చికిత్స ఇప్పిస్తున్నాము గాని, దాన్ని కారణంగా చీటీలో రాయడం లేదు.

ఎమ్మారై చిత్రాలను కంప్యూటర్ నమూనాతో చదివించి డిస్టోనియాను గుర్తించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. క్రిస్టినా సిమోన్యాన్ బృందం 2020లో ప్రకటించిన డిస్టోనియానెట్ వాటిలో ప్రముఖమైనది. అది మన జిల్లా ఆసుపత్రులకు అందే లోపు, చెవి, వాక్యాల కాగితం, మెత్తని ఎండోస్కోపు మనకు ఉన్నాయి.

పరీక్ష వాక్యాల జాబితాను కోస్తా, రాయలసీమ, తెలంగాణ మాటతీరులకు తగినట్టు వేర్వేరుగా రాసుకున్నాము. బెంగళూరులోనో అమెరికాలోనో ఉండే పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దలను అక్కడి క్లినిక్కుల్లో ఇంగ్లీషు వాక్యాలతో పరీక్షిస్తారు. అలవాటు లేని భాషలో కూడబలుక్కుంటూ చదివే గొంతు రోజువారీ గొంతులా ప్రవర్తించదు. అటువంటివారి పిల్లలు సలహా అడిగితే, రెండు జాబితాల్లోని తెలుగు వాక్యాలను ఇంట్లోనే రికార్డు చేసి, ఏ జాబితాలో నాదంలేని హల్లులు ఎక్కువో ఒక కాగితం మీద రాసి, రెండూ కలిపి అక్కడి థెరపిస్టుకు ఇవ్వమని చెబుతున్నాము.